ఐదు మీద పెట్టినా ఒకటి లెక్కనే తిరిగిన ఫ్యాన్

నాకింకా ముప్పై నిండలేదు. రిటైరయ్యానని చెబితే ఎదుటివాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఐటీఐ నుంచి బయటపడ్డ నాటి నుంచి వరంగల్ ఇళ్లలో నిచ్చెన మీద నిలబడి, రెండు చేతులూ తలకంటే పైకెత్తి ఫ్యాన్లు విప్పడం, బిగించడం ఇదే నా పని. ఈ పనిలో ముందు పోయేది భుజం. అందరికీ యాభైల్లో పోతుంది, నాకు తొందరగా పోయింది. ఇంకో ఎండాకాలం ఇట్లాగే చేస్తే చొక్కా తొడుక్కోవడానికి కూడా మనిషి సాయం కావాల్సి వస్తుందని డాక్టర్ చెప్పాడు. నిచ్చెన దిగిపోయాను.

ఇప్పుడు హన్మకొండలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో కౌంటర్ వెనక కూర్చుంటున్నాను. కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లలు కెపాసిటర్ల కోసమో రెగ్యులేటర్ల కోసమో వస్తుంటారు. వైరింగ్ గురించి వాళ్లకు నేను చెప్పాల్సింది పెద్దగా లేదు. వీడియోల్లో అంతా ఉంది, నేనూ చాలావరకు ఫోన్‌లో చూసే నేర్చుకున్నాను. ఫ్యాన్ కింద ఎవరు పడుకుంటారన్నది మాత్రం ఏ వీడియోలోనూ ఉండదు. కౌంటర్ దగ్గర గిరాకీ లేనప్పుడు ఫోన్‌లో టైప్ చేసి పెట్టుకున్న సంగతులివి. అన్నీ దాని గురించే.

స్పీడ్ వస్తలేదు అన్నప్పుడు

"ఫ్యాన్ స్పీడ్ వస్తలేదు." ఎండాకాలమంతా ఫోన్‌లో వినే మాట ఇదే. దీని వెనక ఏదైనా ఉండొచ్చు. గోడ మీది రెగ్యులేటర్ చెడిపోయి ఉండొచ్చు. ఫ్యాన్ నెత్తిన ఉండే కెపాసిటర్ బలం తగ్గి ఉండొచ్చు. బేరింగ్ పట్టేసి ఉండొచ్చు. ఆ పూట వీధి మొత్తానికే కరెంటు తక్కువగా వస్తూ ఉండొచ్చు.

నిచ్చెన వేసే ముందే సగం తేలిపోతుంది. పక్క గదిలో ఫ్యాన్ ఎట్లా తిరుగుతోందో చూడండి. అదీ మెల్లగానే ఉంటే మీరు ఇంటికి పోవచ్చు, కరెంటు సంగతి అది. కరెంటు ఆపి రెక్కను వేలితో తోయండి. తేలిగ్గా తిరిగి తిరిగి ఆగితే బేరింగ్ బాగున్నట్టు. తర్వాత రెగ్యులేటర్‌ను పక్కకు తప్పించి ఫ్యాన్‌కు నేరుగా కరెంటు ఇవ్వండి. అప్పుడు జోరందుకుంటే తప్పు రెగ్యులేటర్‌ది. అప్పటికీ మెల్లగానే ఉంటే పైకెక్కి కెపాసిటర్‌కు మీటర్ పెట్టండి. ఎక్కేముందు మెయిన్ ఆపండి. ఫ్యాన్ స్విచ్ ఆపాం కదా అనుకోవద్దు. ఆ ఇంటికి వైరింగ్ చేసినవాడు స్విచ్‌ను ఏ తీగ మీద పెట్టాడో మీకు తెలియదు.

కొత్తవాళ్లు ఇవేమీ చూడకుండా కెపాసిటర్ మార్చేస్తారు. చాలాసార్లు లోపం దానిలోనే ఉందని తేలుతుంది కూడా. అందుకే వాళ్లు ఇంకేమీ నేర్చుకోరు.

రెగ్యులేటర్ గురించి ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. దసరా అయిన వారం బట్టల దుకాణాల నుంచి వరసగా ఫోన్లు వచ్చేవి. రెండు మీద పెడితే ఫ్యాన్ ఐదు మీద ఉన్నట్టు కొడుతోందనేవాళ్లు. ఆయుధ పూజనాడు కుట్టుమిషన్లకూ కత్తెరలకూ కొలబద్దకూ పెట్టినట్టే రెగ్యులేటర్ నాబ్‌కు కూడా తడి పసుపు, కుంకుమ పెట్టేవాళ్లు. ఆ తడి నాబ్ సందులోంచి లోపలికి దిగేది. ఒక సేటుతో కరెంటు సామాన్లకు బొట్టు పెట్టొద్దని కొంచెం గట్టిగానే చెప్పాను.

"అన్నిటికి వెట్టి దానికి వెట్టకుంటె ఎట్ల తమ్మీ," అన్నాడు సేటు. "అది గూడ మన పనే జేస్తాంది గద."

నాకు కోపం వచ్చింది. సంచి సర్దుకుని వచ్చేశాను. మరుసటి దసరాకు ముందే నాకు పని నేర్పిన ఉస్తాద్ ఆ దుకాణానికి పోయి, రెగ్యులేటర్ పక్కన ఏమీ లేని ఒక ప్లాస్టిక్ పలక బిగించాడు. "సేటూ, బొట్టు దీనికి వెట్టుండ్రి, ఇది దాని మొకం అనుకోండ్రి," అన్నాడు. మళ్లీ అక్కడి నుంచి ఫోన్ రాలేదు.

ఉస్తాద్

ఆయన పేరు కొమురయ్య. కాశిబుగ్గలో ఒక సందు చివర ఆయన దుకాణం. అక్కడే నేను పని నేర్చుకున్నాను. వీధి మొత్తం ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేది, ఆడవాళ్లు మాత్రం కొమురన్న అనేవాళ్లు. ఏ ఇంటికి పోయినా ముందు మంచినీళ్లు అడిగేవాడు. దాహమై కాదు. నీళ్లు తేవడానికి ఇంట్లోవాళ్లు లోపలికి పోయినప్పుడు గదిని చూసేవాడు. మంచం ఎటు తిరిగి ఉంది, ఎవరి మందులు ఎక్కడున్నాయి, ఏ కిటికీ మూసి ఉంది. తర్వాత ఫ్యాన్ వైపు తలెత్తేవాడు.

నా ఫోన్ అంటే ఆయనకు పడేది కాదు. "ఫోన్‌ల ఏం జూస్తవ్ ర, ఫ్యాన్ మీదున్నది," అనేవాడు. ఆయనకున్న చెడ్డ అలవాటు ఏదీ పారేయకపోవడం. పాత ఫ్యాన్ల నుంచి తీసిన బలం తగ్గిన కెపాసిటర్లకు గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టి, ఒక నూనె డబ్బాలో వేసుకునేవాడు. ఎర్ర చుక్క అంటే పనికిరాదని గుర్తు. పనికిరానిదాన్ని ఎందుకు దాస్తున్నావంటే, "ఎప్పుడేది పనికస్తదో," అనేవాడు.

పనిలో చేరిన మొదటి ఎండాకాలంలో నేను ఒక ఇంట్లో కెపాసిటర్ తీగలు అటుదిటు కలిపాను. ఫ్యాన్ ఉల్టా తిరిగింది. రెక్కలు గాలిని కిందికి తోయకుండా పైకి లాగుతున్నాయి. ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది, కింద నిలబడితే ఏమీ లేదు. ఉస్తాద్ వచ్చి తలెత్తి చూశాడు.

"గాలి స్లాబుకు వెడ్తున్నవా ర రాకేశా? స్లాబుకేమన్న చెమట పోస్తాందా?"

ఇంటివాళ్ల ముందు అన్నాడు. వాళ్లు నవ్వారు. నేను స్క్రూడ్రైవర్ విసిరేసి బయటికి పోయాను. ఆ రోజు నుంచి ఏ ఫ్యాన్ విప్పినా ముందు తీగలకు ఒక ఫోటో తీయడం, బిగించాక ఇంకో ఫోటో తీయడం అలవాటు చేసుకున్నాను. మీరూ చేసుకోండి.

సుగుణమ్మ ఇంటి ముందు గది

రోహిణి కార్తెలో ఒకరోజు మా వీధి పక్క వీధి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది రమ్య. అత్తగారిల్లు ములుగు, మొదటి కాన్పుకు వరంగల్‌లో తల్లి దగ్గరికి వచ్చింది. ఆడపిల్ల పుట్టి ఎన్నో రోజులు కాలేదు. తల్లి పేరు సుగుణమ్మ. తండ్రి ధాన్యం మార్కెట్‌లో గుమాస్తా, పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు.

నేను పోయేసరికి ముందు గది కిటికీలు మూసి ఉన్నాయి. సాంబ్రాణి పొగ ఇంకా పోలేదు. రమ్య తలకు ఉన్ని స్కార్ఫు కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, మోకాళ్ల దాకా దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుంది. పక్కన పాప. దాని తలకూ టోపీ.

"ఐదు మీద పెట్టినా ఒకటి లెక్కనే తిరుగుతాందన్నా," అంది రమ్య.

"తిరుగుతాంది గద బిడ్డా, ఇంకేం గావాలె," అంది సుగుణమ్మ, తలుపు దగ్గర నిలబడి.

"అది తిరుగుడా అమ్మా? రెక్కలు లెక్కవెట్టొచ్చు."

"లెక్కవెట్టు మరి. నీకు వేరే పనేమున్నది."

పక్క గది ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. రెక్క తేలిగ్గా తిరిగింది. రెగ్యులేటర్‌ను తప్పించినా జోరు పెరగలేదు. పైకెక్కి కెపాసిటర్‌కు మీటర్ పెడితే సగం బలం కూడా లేదు. కొత్తది వేశాను. ఫ్యాన్ అందుకుంది. మంచం మీది దుప్పటి అంచు లేచింది. రమ్య కళ్లు మూసుకుంది.

నేను నిచ్చెన మడిచేలోపు సుగుణమ్మ నాబ్‌ను ఒకటి మీదికి తిప్పింది. నేను గడప దాటేలోపు రమ్య లేచి నాలుగు మీదికి తిప్పింది. బయట చెప్పులేసుకుంటుంటే లోపల నుంచి టక్ టక్ మని వినిపిస్తూనే ఉంది.

తీసిన పాత కెపాసిటర్‌ను దుకాణంలో బల్ల మీద పడేశాను. ఉస్తాద్ దానికి ఎర్ర చుక్క పెట్టి డబ్బాలో వేసుకున్నాడు.

ఎర్ర చుక్క

వారం తిరగకముందే రమ్య మళ్లీ ఫోన్ చేసింది. "అన్నా, మళ్ల గట్లనే అయ్యింది. ఐదు మీద పెట్టినా ఒకటి లెక్కనే."

కొత్త కెపాసిటర్ అంత తొందరగా పోదు. పోయిందంటే నాకు అమ్మినవాడు నకిలీ సరుకు అంటగట్టాడని అర్థం. పోయాను, మీటర్ పెట్టాను, మళ్లీ సగం బలమే. దాన్ని పీకి జేబులో వేసుకుని, సంచిలో ఉన్న ఇంకో కొత్తది బిగించి, ఫ్యాన్ అందుకున్నాక నేరుగా హోల్‌సేల్ దుకాణానికి పోయాను. గిరాకీల ముందే దాన్ని కౌంటర్ మీద కొట్టినట్టు పెట్టాను.

"మనుషులనుకుంటున్నరా ఏమనుకుంటున్నరు? పసిపిల్ల ఉన్న ఇంట్ల ఫ్యాన్‌కు గిసొంటి సరుకిస్తరా?"

దుకాణదారు నా మొహం చూడలేదు. కెపాసిటర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తమ్మీ, ఇది నా కంపెనీదే గాదు. నేనమ్మేటిది తెల్లగుంటది, ఇది నల్లగున్నది. ఈ ఎర్ర చుక్కేంది, మీ ఇంట్ల ఎవలన్న గోళ్లకు ఏసుకుంటున్నరా?"

గిరాకీలు నవ్వారు. నేను ఫోన్ తీసి ఫోటోలు చూశాను. మొదటిసారి విప్పకముందు తీసిన ఫోటోలో నల్ల కెపాసిటర్. బిగించాక తీసినదాంట్లో తెల్లది. ఈ రోజు విప్పకముందు తీసిన ఫోటోలో మళ్లీ నల్లది, పక్కన ఎర్ర చుక్కతో సహా. ఫోటో తీశాను గానీ దాన్ని చూడలేదు. నేను ఏ కెపాసిటర్‌నైతే పీకి తెచ్చానో అదే నడిచి పోయి మళ్లీ ఆ ఫ్యాన్‌లో కూర్చుంది. దానికి కాళ్లు లేవు కాబట్టి ఎవరో తీసుకుపోయారు.

ఉస్తాద్ దుకాణంలో వైండింగ్ చుడుతూ కూర్చున్నాడు. కెపాసిటర్ ఆయన ముందు పెట్టాను.

"ఇది నువ్వే వేసినవా?"

"వేసిన," అన్నాడు. చేతిలో తీగ ఆపలేదు.

"ఎప్పుడు?"

"నువ్వు హన్మకొండ పోయిన్నాడు. బిడ్డకు నీళ్లు పోస్తాండ్రు లోపట. సుగుణమ్మ చెల్లె పిలిచింది, పోయిన. కొమురన్నా, ఇంతకుముందు ఎట్లుండెనో గట్లనే చెయ్యి, నాబ్ తిరగాలె గని ఫ్యాన్ తిరగొద్దు, బిడ్డకు చెప్పకు అన్నది. చేసిన."

"నేను బాగు జేసినదాన్ని నువ్వు ఖరాబు జేసినవ్."

"ఆమె మొకం జూసినవా నువ్వు? ఇయ్యాల రేపు బిడ్డ అత్తగారింటికి పోతది. రేపు అక్కడ ఆ పొల్ల తల నొస్తాందన్నా నడుము గుంజుతాందన్నా, మీ అమ్మ గాలికి పండవెట్టింది గందుకే అంటరు. మొదటి కాన్పు. మాట పడేది ఆమెనే. నువ్వు ఫ్యాన్‌ను జూసినవ్, నేను ఆమెను జూసిన."

"పసిపిల్లను ఎవలు జూసిండ్రు?"

ఉస్తాద్ చుట్టడం ఆపాడు. నేను ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయను. ఆయన లేచి టీ తాగడానికి పోయాడు.

ఆయన చేసింది తప్పని నేను ఇప్పటికీ అంటాను. ఒక ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా అడిగితే ఇద్దరికీ చెరో పని చేసి పెట్టడం పని కాదు. కానీ సుగుణమ్మ భయపడుతోందని ఆయనకు తెలుసు. రెండుసార్లు ఆ గదిలో నిలబడి కూడా నాకు తెలియలేదు. నేనెప్పుడూ నీళ్లు అడగలేదు.

నాబ్ లేని రెగ్యులేటర్

తర్వాత వచ్చిన ఫోన్‌లో రమ్య గొంతు వేరుగా ఉంది.

"అన్నా, రెగ్యులేటర్‌కు నాబ్ లేదు. అమ్మ పీకి దాసింది. ఫ్యాన్ ఒకటి మీదనే ఉన్నది. పాప ఒంటినిండ చెమటకాయలు. పొద్దటి సంది పాలు పడ్తలేదు, ఒళ్లు కాలుతాంది. నాయిన ఆటో తెస్తాండు, దవాఖానకు పోతానం. మేం వచ్చేవరకు నువ్వు ఏదన్న చెయ్యి. నాబ్ లేకున్నా తిరిగేటట్టు చెయ్యి."

పాప వీపు ఫోటో పంపింది. ఎర్రగా, గరుకుగా ఉంది. ఫోన్ ఉస్తాద్ ముందు పెట్టాను. అప్పటికి మా ఇద్దరికీ మాటల్లేవు. ఆయన కళ్లజోడు తీసి, పెట్టుకుని, మళ్లీ చూశాడు. చొక్కా వేసుకుని, "నిచ్చెన పట్టు," అన్నాడు.

మేము వాళ్ల అరుగు మీద కూర్చున్నాం. వాళ్లు ఎండ తగ్గాక వచ్చారు. డాక్టర్ పరీక్షలన్నీ చేయించి, వేరే ఏమీ లేదు, ఇది ఎండకే వచ్చిందని చెప్పాడట. పాలు మాటిమాటికీ ఇవ్వాలి, బట్టలు తగ్గించాలి, గదిలో గాలి ఆడాలి. మళ్లీ జ్వరం వస్తే వెంటనే తీసుకురావాలి. పాప తల మీద టోపీ లేదు. సుగుణమ్మ ముఖం పీక్కుపోయి ఉంది. నన్ను చూడలేదు, ఉస్తాద్‌నే చూసింది.

"కొమురన్నా, పిల్లకు గాలి గావాలెనంట. డాక్టర్ చెప్పిండు గద, నేను కాదంటనా? గని తల్లికి గాలి తగులొద్దు. ఇద్దరు ఒక్క మంచంలనే పండాలె, పాలియ్యాలె. పిల్లకు తగిలి తల్లికి తగులకుంట చేస్తవా?"

ఇట్లాంటి మాట విన్నప్పుడు నా నోరు ఆగదు. గాలికి మనుషుల పేర్లు తెలుస్తాయా అని అనబోయాను. ఉస్తాద్ నా చేతిని పట్టుకుని ఆపాడు.

"చెల్లె, జర మంచినీళ్లియ్యి," అన్నాడు.

ఆమె లోపలికి పోయింది. ఉస్తాద్ గదంతా కలియజూశాడు. మంచం గది మధ్యలో, సరిగ్గా ఫ్యాన్ కింద ఉంది. తూర్పు వైపు కిటికీ మూసి ఉంది. తర్వాత ఫ్యాన్ వైపు తలెత్తాడు.

"రాకేశా, నా దగ్గరికొచ్చిన మొదటి ఎండకాలం నువ్వొక పని జేసినవ్, యాదున్నదా?"

"ఏ పని?"

"స్లాబుకు గాలి వెట్టినవ్. ఎక్కు. మళ్ల జెయ్యి."

ఆయన ఏమంటున్నాడో అర్థం కావడానికి నాకు కొంచెం సమయం పట్టింది. మెయిన్ ఆపి పైకెక్కాను. ఫోటో తీశాను. తెల్ల కెపాసిటర్ అట్లాగే ఉంది. దానికి ఒక చివర ఉన్న కరెంటు తీగను విప్పి ఇంకో చివరికి కలిపాను. పని ఇంతే. తప్పుగా చేసినప్పుడు ఎంతసేపు పట్టిందో సరిగ్గా చేసినప్పుడూ అంతే పట్టింది.

కరెంటు వేస్తే ఫ్యాన్ ఉల్టా తిరగడం మొదలుపెట్టింది. నాబ్ లేని రెగ్యులేటర్ ఇరుసును పట్టకారుతో ఐదు మీదికి తిప్పాను. సుగుణమ్మ నీళ్ల గ్లాసు పట్టుకుని గడపలోనే ఆగిపోయింది. వచ్చి మంచం పక్కన నిలబడి చెయ్యి పైకెత్తింది. కొంచెం పక్కకు జరిగి మళ్లీ ఎత్తింది.

"తిరుగుతాంది," అంది. "కొడ్తలేదు."

"కొట్టదు చెల్లె. మంచం గోడ దిక్కు జర జరుపు, కిటికీ తెరువు. గాలి మీదికి పోయి గోడల పొంటి మెల్లగ దిగుతది. తల మీద వడదు."

నిజం చెప్పాలంటే అది సూటిగా తిరిగే ఫ్యాన్‌లో సగం సుఖం కూడా ఇవ్వదు. మధ్యాహ్నం పూట స్లాబు వేడిని కూడా కిందికి తెస్తుంది. ఏ పుస్తకంలోనూ దీన్ని రిపేరు అనరు. కానీ పాప ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి మూసి ఉన్న కిటికీ ఆ సాయంత్రం తెరుచుకుంది. గాలి కొట్టదని నమ్మకం కుదిరాక సుగుణమ్మే దాన్ని తెరిచి, ఒక తడి చీర అడ్డం కట్టింది. చీర కదిలింది. ఉక్క తగ్గింది. రమ్య పాపను ఒళ్లోకి తీసుకుంది. కాసేపటికి పాప పాలు తాగింది.

సుగుణమ్మ కొంగు చివర ముడి విప్పి నాబ్ తీసి నా చేతిలో పెట్టింది. బిగించాను. రమ్య దాన్ని ఐదు మీదే ఉంచింది. తల్లి ఆ రోజు దాన్ని ముట్టలేదు.

మళ్లీ జ్వరం రాలేదని తర్వాత మెసేజ్ వచ్చింది. ఉస్తాద్‌కు చదివి వినిపించాను. ఆయన డబ్బాలోంచి ఆ ఎర్ర చుక్క కెపాసిటర్ తీసి, సుత్తితో ఒక్కటి వేసి, చెత్తలో పడేశాడు. ఆయన ఏదైనా పారేయడం నేను చూసింది అదొక్కటే.

తొట్టెల నాడు

పాపను తొట్టెలలో వేసే వేడుకకు ములుగు నుంచి అత్తగారివాళ్లు వస్తున్నారని, ఊయలకు స్లాబు కొక్కెం గట్టిగా ఉందో లేదో చూసి, ఇంటి ముందు సీరియల్ బల్బులు కట్టమని నన్ను పిలిచారు. అందుకే ఆ పొద్దున నేను ఆ గదిలో నిచ్చెన మీద ఉన్నాను.

రమ్య అత్త రాజవ్వ పెద్ద మనిషి. జీపు దిగి నేరుగా ముందు గదిలోకి వచ్చి, కోడలి పక్కన మంచం మీద కూర్చుని పాపను ఒళ్లోకి తీసుకుంది. సుగుణమ్మ ఎదురుగా నిలబడింది. ఇన్ని రోజులూ ఆమె భయపడింది ఈ ఒక్క చూపుకే. రాజవ్వ కోడలి తలకున్న స్కార్ఫు చూసింది, చెవుల్లో దూది చూసింది. తర్వాత తలెత్తి ఫ్యాన్ చూసింది.

"ఏంది వదినా, ఫ్యాన్ గింత జోరుగ తిరుగుతాంది?"

సుగుణమ్మ ముందుకొచ్చింది. "గాలి తగుల్తలేదు వదినా. చెయ్యి వెట్టి జూడు. బిడ్డకు ఒక్క పూట గూడ గాలి తగులనియ్యలే. కావాల్నంటె అడుగు."

రాజవ్వ చెయ్యి పైకెత్తింది. తిప్పి చూసింది.

"గదే అడుగుతాన. గాలేది? ఖరాబైందా? ఇసొంటి ఎండల బాలింతను గాలి లేకుంట పండవెట్టిండ్రా?"

నేను కొక్కెం మీద చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయాను.

"మీరేమంటరోనని," అంది సుగుణమ్మ. "రేపు ఏదన్న అయితే నన్నంటరని."

"నేనేమంట? నా పెద్దకొడుకు కాన్పుల మావోళ్లు నన్ను గిట్లనే మూసి పెడితె కండ్లు తిరిగి పొయ్యి మీద వడబోయిన. నా కోడలుకు గట్ల జెయ్యొద్దని మీ అల్లునికి చెప్పిన. వాడు చెప్పలేదా?"

రమ్య భర్త అప్పటికే బయట బల్బుల పెట్టె చూసే పని పెట్టుకున్నాడు.

"మరి ఒక్క ఫోన్ చేయకపోతివి వదినా," అంది సుగుణమ్మ.

"తల్లిగారిల్లు గద. నేను చెప్తె, మా బిడ్డను మాకు చూసుకొనొస్తలేదా అని మీరు అనుకుంటరని నోరు మూస్కున్న," అంది రాజవ్వ. నా వైపు తలెత్తింది. "ఓ తమ్మీ. మీదనే ఉన్నవ్ గద, జర ఆ ఫ్యాన్ గూడ జూడు."

రమ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకు భుజాలు కదులుతున్నాయి. నేను సుగుణమ్మ వైపు చూశాను. ఆమె తల ఊపింది.

కిందికి దిగి మెయిన్ ఆపి, నిచ్చెన జరిపి మళ్లీ ఎక్కాను. తీగను మొదటి చోటికి మార్చాను. దిగి కరెంటు వేసి నాబ్‌ను రెండు మీద పెట్టాను. ఫ్యాన్ సూటిగా తిరిగింది. మొదటి గాలి మంచం మీద పడగానే రాజవ్వ చెయ్యీ సుగుణమ్మ చెయ్యీ ఒకేసారి పాప చెవుల మీదికి పోయాయి. ఇద్దరి చేతులూ అక్కడ తగులుకున్నాయి. ఇద్దరూ తీసేశారు.

రమ్య చెవుల్లో దూది తీసింది. తల మీది స్కార్ఫు విప్పి, మడిచి, తల్లి చేతికి ఇచ్చింది. సుగుణమ్మ దాన్ని చంకలో పెట్టుకుని కాసేపు బిడ్డ ముఖం చూసింది. తర్వాత గోడ దగ్గరికి పోయి, నాబ్‌ను రెండు మీది నుంచి మూడు మీదికి తిప్పింది.